చెల్లెలికి పోయని నీళ్లు

మా ఎల్లారెడ్డిలో ఒక అమ్మవారు ఉంది. ఆమె ఎప్పుడు వెలిసిందో ఎవరికీ తెలియదని, తాతముత్తాతల కాలం నుంచీ అక్కడే ఉందని ఊళ్లో చెప్తారు. ఉత్త మాట. ఆమె నాకంటే చిన్నది. నా పాత లంగాలు తొడుక్కునేది. నా పక్కలో పడుకుని దుప్పటంతా తన వైపుకు లాక్కునేది, లాక్కోనివ్వకపోతే గిచ్చేది. ఈ మాట ఎవరితో అన్నా చెంపలు వేసుకోమంటారు. నేను వేసుకోను.

మా బాపుకు ఎడ్లబండి ఉండేది. ఎల్లారెడ్డి షావుకార్ల ధాన్యాన్ని కామారెడ్డి రైలు స్టేషనుకు చేరవేయడం, అక్కడినుంచి ఉప్పు, దీపాలకు గాసునూనె, బట్టల మూటలు ఎక్కించుకుని రావడం ఆయన పని. అవ్వ, అంటే మా అమ్మ, నాట్లకూ కలుపులకూ కూలికి పోయేది. ఇంటి దగ్గర నేనూ చెల్లెలూ ఉండేవాళ్లం. దాన్ని చూసుకోవడం నా పని అని అందరూ అనుకునేవాళ్లు కానీ, నిజానికి అదే నన్ను ఆడించేది. ఏది అడిగినా ఇచ్చేదాకా వదిలే రకం కాదు.

ఒకసారి బాపు దారిలో వాగు దగ్గర ఎడ్లకు నీళ్లు తాగిస్తూ ఒక రాయిని చూసి బండిలో వేసుకొచ్చాడు. నల్లటిది, నున్నటిది, జానెడు కంటే కాస్త పొడుగు. పసుపుకొమ్ములు దంచడానికి బాగుంటుందని ఆయన ఉద్దేశం. అది అవ్వ చేతికి అందకముందే చెల్లెలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇది నా బిడ్డ" అంది. అంతే, మళ్లీ పసుపు మాట ఎత్తనివ్వలేదు. బాపు నవ్వి, "మనుమరాలు పుట్టిందే మనకు, పురుడు జెయ్యి" అని అవ్వను ఆట పట్టించాడు.

ఆ రాయికి పాత రవిక గుడ్డ చుట్టేది. మోయలేక మోయలేక వాకిలంతా మోసేది. మేం తినే జొన్నరొట్టె ముక్క దానికి పెట్టి, తినడం లేదని కోప్పడి, తనే తినేది. ఆదివారం ఆదివారం అవ్వ మాకు తలకు పోసేది. ఇంటి వెనక ఒక బండ ఉండేది, దాని మీద కూర్చోబెట్టి. చెల్లెలికి స్నానం అంటే భయం లేదు గానీ కండ్లలో నీళ్లు పడితే మాత్రం వాడంతా వినపడేలా ఏడ్చేది. అందుకని అవ్వ ఎడమ అరచేయి దాని నొసటి మీద అడ్డం పెట్టి, కుడిచేత్తో చెంబు వంచేది. దాని తలస్నానం అయ్యాక అది తన రాయిని ఆ బండ మీదే నిలబెట్టి, అట్లాగే చిన్న చేయి అడ్డం పెట్టి నీళ్లు పోసేది.

"రాయికి కండ్లేడియే పిచ్చిదానా?" అన్నాను ఒకసారి.

"ఉన్నయి. మూసుకున్నది. గందుకే నీకు కనవడుతలేవు" అంది.

ఆ ఎండాకాలం మా వాడలో అమ్మవారు పోసింది. ఇప్పటి పిల్లలకు మశూచి అంటే పుస్తకంలో మాట. మాకు అది ఇంటికి వచ్చిన మనిషి. ఒంటి మీద పొక్కులు లేచాయంటే పిల్లకు రోగం వచ్చిందని అనేవాళ్లం కాదు, తల్లి వచ్చి పిల్లలో కూర్చుందని అనేవాళ్లం. గుమ్మానికి వేపమండలు కట్టాలి. పోపు పెట్టకూడదు, ఆ వాసన తల్లికి పడదు. తల దువ్వకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. పక్క మీద ఉన్న పిల్లను పేరుతో పిలవకూడదు, తల్లీ అని పిలవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరూ ఏడవకూడదు.

ఈ కట్టుబాట్లన్నీ మాకు చెప్పింది పక్కింటి పెద్దమ్మ. చుట్టం కాదు, గోడ అవతలి మనిషి, కానీ పుట్టినప్పటి నుంచీ పెద్దమ్మ అనే పిలిచాం. మంచిది. మా అవ్వను సొంత చెల్లెలిలాగే చూసుకునేది. పొద్దునా సాయంత్రం వచ్చి, చెల్లెలి పక్కన వేపాకు మార్చి, చేతులు జోడించి, "తల్లీ, చల్లగుండు. మా తప్పులు చూడకు" అనేది. అవ్వ కూడా చేతులు జోడించేది.

చెల్లెలికి ఇది అర్థం కాలేదు. పొక్కులు పెదవుల మీదికి కూడా వచ్చాయి, మాట సరిగా వచ్చేది కాదు. అయినా అడిగింది. "అవ్వా, నాకు మొక్కుతున్నవేంది? నేను నీ బిడ్డను గానా?"

అవ్వ జోడించిన చేతులు విప్పలేదు. బిడ్డా అని పిలవకూడదు కదా.

ఒళ్లంతా మంట, దురద. చెల్లెలు అడిగింది ఒక్కటే, నీళ్లు పోయమని. "నీళ్లు పొయ్యవ్వా. బండ మీద కూసుంట. ఏడ్వ." ఆ రోగంలో నీళ్లు పోయకూడదు. పొక్కులు మాడి, తల్లి శాంతించాక, వేపాకూ పసుపూ వేసి ఎండకు కాగిన నీళ్లతో మొదటి స్నానం చేయించాలి. ఆ స్నానంతో తల్లి పిల్లను వదిలి వెళ్లిపోతుంది. అవ్వ దాని చెవి దగ్గర వంగి, "తల్లి ఎల్లిపోయినంక పోస్త బిడ్డా. మంచిగ పోస్త. కండ్లల్ల పడకుంట పోస్త" అంది. పెద్దమ్మ వినకుండా బిడ్డా అంది. నేను విన్నాను.

తల్లి వెళ్లిపోయింది, కానీ ఒక్కతే వెళ్లలేదు.

వాడలో ఇంకా చాలా ఇండ్లలో పిల్లలు పడక మీద ఉన్నారు. పెద్దమ్మ మనుమడు కూడా ఉన్నాడు. "ఏడ్వకు చెల్లె, నీ కాళ్లు మొక్కుత. తల్లికి కోపమొస్తే మిగిలినోళ్లను గూడ తీస్కపోతది" అని అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టింది పెద్దమ్మ. అవ్వ ఆ కొంగును పళ్లతో కరిచి పట్టుకుంది. అమ్మవారు పోసి పోయినవాళ్లకు శవానికి చేయించే స్నానం కూడా మా వాడలో ఉండదు. వేపాకుల్లో చుట్టి బాపు భుజాన వేసుకుని తీసుకుపోయాడు. అవ్వ గుమ్మం దాకా వచ్చి, "నీళ్లు పొయ్యలే" అంది. ఎవరితో అందో తెలియదు. అప్పుడూ ఏడవలేదు.

తర్వాత వాడలో బతికిన పిల్లలకు ఒక్కొక్కరికే మొదటి స్నానాలు జరిగాయి. ఏ ఇంటి వెనక చూసినా వేప నీళ్ల వాసన. ఒక ఆదివారం అవ్వ కూలికి పోలేదు. కుండలో నీళ్లు పట్టి, పసుపు కలిపి, వేపాకు వేసి ఎండలో పెట్టింది. కట్టెల వెనక పడి ఉన్న ఆ రాయిని వెతికి తెచ్చింది. దాని గుడ్డ విప్పింది. బండ మీద నిలబెట్టి, ఎడమ అరచేయి పైన అడ్డం పెట్టి, మెల్లగా నీళ్లు పోసింది. చెంబు ఖాళీ అయ్యాక ఆ రాయిని కడుపుకు అదుముకుని, చెల్లెలు పోయిన రోజు నుంచీ ఆపుకున్నదంతా ఏడ్చింది. నేను పక్కన నిలబడి చూశాను. నాకు దగ్గరకు పోవాలని ఉండింది గానీ ఆ ఒళ్లో చోటు లేదు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే పని. తడి లేకుండా తుడిచి, కొత్త గుడ్డ చుట్టి లోపల పెట్టుకునేది. బాపు చూసీ చూడనట్టు బండి దగ్గరకు పోయేవాడు.

గోడ మీద నుంచి పెద్దమ్మ చూసింది. ఆమెకు కనిపించింది ఏమిటి? నల్లరాయి. పసుపు. వేపాకులు. తల మీద నీళ్లు పోస్తున్న ఆడమనిషి. మా వైపు ఏ పసిపిల్లను అడిగినా అది ఏమిటో చెప్తుంది. పెద్దమ్మ చెప్పులు విడిచి మా వెనకవాకిట్లోకి వచ్చి, బండ మీది నుంచి జారిన పసుపు నీళ్లను దోసిట్లో పట్టుకుని పోయి మనుమడి ఒంటికి పూసింది. వాడికి అమ్మవారు తగ్గినా జ్వరం విడవడం లేదు. మూడో పూటకు విడిచింది. జ్వరాలు విడుస్తాయి, అదేమంత వింత కాదు. మా చెల్లెలి జ్వరం విడవలేదు కాబట్టి నాకు ఈ సంగతిలో కొంచెం కోపం ఎక్కువ.

మరుసటి ఆదివారం పెద్దమ్మ కొబ్బరికాయతో వచ్చింది. వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. అవ్వ కంగారు పడింది.

"అక్కా, ఇది తల్లి గాదు. నా బిడ్డ ఆడుకున్న రాయి. బిడ్డకు నీళ్లు పోస్త అని చెప్పిన. గదే పోస్తున్న" అంది.

పెద్దమ్మ కండ్లు చెమర్చాయి. "నేను గూడ గదే అంటున్న చెల్లె. తల్లి నీ బిడ్డల కూసున్నది. నీ బిడ్డతోటే ఈ రాయిలకొచ్చింది. ఎంత పున్నెం జేస్కున్నవే నువ్వు" అంది.

నిజం చెప్తే నమ్మని వాళ్లతో వాదించవచ్చు. నిజం చెప్తే నమ్మి, దాన్ని ఇంకొకటిగా చేసుకునే వాళ్లతో ఏం వాదిస్తాం? అవ్వ ఎన్ని సార్లు చెప్పిందో అన్ని సార్లూ ఆ కథ పెరిగింది. బాపును కూడా అడిగారు, తల్లి నీ బండి ఎక్కి వచ్చిందట కదా అని. "ఎక్కితే ఎక్కింది. బరువైందని దారి పొడుగునా నేను తిట్టుకుంట వచ్చిన" అన్నాడు. వాళ్లు దానికీ చేతులు జోడించారు.

మొదటి కోడిని కోసిన రోజు నాకు బాగా గుర్తుంది. చెల్లెలు కోడిపిల్లల్ని లంగా మడతలో వేసుకుని తిరిగేది. ఇంట్లో కూర కోసం కోడిని కోస్తే ఆ పూట అన్నం ముట్టేది కాదు. ఎవరో మొక్కు తీర్చుకోవడానికి పుంజును తెచ్చి ఆ బండ ముందే కోశారు. రాయి మీద నెత్తురు చిందింది. అవ్వ లోపలికి పరుగెత్తి చెవులు మూసుకుని కూర్చుంది. "నా బిడ్డ జడుసుకుంటది. ఎవ్వరన్న చెప్పుండ్రి వాళ్లకు" అంది నాతో. నేను వెళ్లి ఏం చెప్తాను? వాళ్లంతా పెద్దవాళ్లు, సంతోషంగా ఉన్నారు.

కొన్నాళ్లకు వాడ పెద్దలు వచ్చి, తల్లి స్నానాల బండ మీద ఉండకూడదన్నారు. వాడ చివర వేపచెట్టు కింద నాలుగు బండలతో చిన్న ఇల్లు కట్టి, అక్కడ నిలబెడతామన్నారు. అవ్వ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. బాపు నచ్చజెప్పాడు. "పోనియ్యవే. ఇంతమంది మొక్కుతున్నరంటే మన బిడ్డకు మర్యాదనే గదా."

"నాకు మర్యాదెందుకయ్యా. నాకు బిడ్డ గావాలె" అంది అవ్వ.

అయినా రాయిని డప్పులతో తీసుకుపోయారు. కుమ్మరి పెద్దాయన పూజ చూసుకునేలా ఏర్పాటు చేశారు. అమ్మవారికి ఒక పేరు పెట్టారు. ఆ పేరు నేను రాయను, అది మా చెల్లెలి పేరు కాదు. ఊళ్లోకి వచ్చిపోయే మద్నూరు ఆడవాళ్లు మరాఠీలో ఆయీ అని పిలిచేవాళ్లు. ఆయీ అంటే అమ్మ. ఒక షావుకారు తన కొడుకు కండ్లు దక్కాయని వెండి కండ్లు చేయించి ఆ రాయికి లక్కతో అతికించాడు. అవ్వ పోయి అది చూసింది. ఇంటికి వచ్చాక మెల్లగా, "గిప్పుడు కండ్లు తెరిచింది. ఇగ నీళ్లు పోసేటప్పుడు పైలంగ పొయ్యాలె" అంది.

ఒక్క సంగతిలో మాత్రం కుమ్మరి పెద్దాయన అవ్వ మాట ఉంచాడు. ఆదివారం పొద్దున మొదటి చెంబు ఆమెది. ఎవరూ రాకముందే అవ్వ పోయి, ఎడమ చేయి అడ్డం పెట్టి, నీళ్లు పోసి, కొంగుతో తుడిచి వచ్చేది. ఆ ఒక్క చెంబు కోసం వారమంతా బతికేదని నాకనిపిస్తుంది. మిగిలిన రోజుల్లో ఆమె ముఖం నాకు గుర్తు లేదు. ఆదివారం ముఖం గుర్తుంది.

ఒక వానాకాలం బాపు కామారెడ్డి నుంచి జ్వరంతో తిరిగొచ్చాడు. ఎడ్లను తనే విప్పి కట్టేసి, లోపలికి వచ్చి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. అవ్వ గాజులు పగిలాయి. మైల రోజులు గడిచాక వచ్చిన మొదటి ఆదివారం, ఆమె ఎప్పటిలాగే వేప నీళ్ల కుండ చంకకెత్తుకుని వేపచెట్టు దగ్గరకు పోయింది. నేను వెంట ఉన్నాను. అక్కడ పెద్దమ్మ నిలబడి ఉంది. తన ఇష్టం కొద్దీ రాలేదని ఆమె ముఖమే చెప్తోంది.

"చెల్లె, నువ్విగ పొయ్యద్దు" అంది. "తల్లికి మొదటి నీళ్లు ముత్తైదువ పొయ్యాలె. వాడంత అనుకుంటున్నరు. నన్ను పంపిచ్చిండ్రు."

"నేను తల్లికి పోస్తలేనక్కా" అంది అవ్వ. "నా బిడ్డకు పోస్తున్న. విధవరాలైతే బిడ్డకు నీళ్లు పొయ్యదా? ఏ ఊర్ల ఉన్నదిది?"

"గిప్పుడు అందరి తల్లి చెల్లె. నీ ఒక్కదాని బిడ్డ గాదు" అంది పెద్దమ్మ. అని తనే ఏడ్చింది. చెల్లెలు పోయినప్పుడు ఏడవనివ్వని మనిషి.

అవ్వ కొట్లాడలేదు. కుమ్మరి పెద్దాయన తల వంచుకుని పక్కకు చూశాడు. అవ్వ కుండను అక్కడే నేల మీద పెట్టి ఇంటికి వచ్చింది. ఆ తర్వాత ఆదివారాలు దూరంగా కూర్చుని ఇతరులు పోయడం చూసేది. ఎవరైనా దబదబా కుమ్మరిస్తే పళ్లు కరుచుకునేది.

నన్ను కామారెడ్డిలో ఇచ్చారు. నా భర్త బెల్లం అంగట్లో పని చేసేవాడు. నాకు అక్షరాలు ఆయనే నేర్పాడు. ఒకసారి ఒక షావుకారు ఇంటి ముందు పందిరి వేసి, హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషితో ఉపన్యాసం పెట్టించారు. ఆడవాళ్లం తడిక వెనక కూర్చున్నాం. లోకంలోని మతాలన్నింటిలోకీ మనదే పాతదని ఆయన చెప్పాడు. మిగిలిన వాటికి మొదలుపెట్టిన మనిషి ఉన్నాడు, మనదానికి లేడన్నాడు. ఏ నది ఒడ్డున, ఎప్పుడు, ఎట్లా మొదలైందో ఎవరూ చెప్పలేరన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను కొట్టలేదు. ఎవరూ చెప్పలేరట! చెప్పనిస్తే కదా. ఆయన చెప్పింది అబద్ధమని నేననను, నేను చదివింది ఏపాటి. కానీ ఆ నదుల ఒడ్డున కూడా పిల్లలు చచ్చిపోయి ఉంటారు. ఏదో మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోయిన తల్లులు ఉండి ఉంటారు. ఒక రాయినో, చెట్టునో, పొయ్యిలో నిప్పునో పట్టుకుని ఏడ్చి ఉంటారు. గోడ అవతల నుంచి ఎవరో చూసి చెప్పులు విడిచి ఉంటారు. తర్వాత ఆ తల్లిని పక్కకు జరగమని ఉంటారు. ఇంటికి వచ్చి నా భర్తతో ఈ మాట అంటే, "పండుకోవే, ఎవలన్న వింటరు" అన్నాడు.

నా కూతురికి అమ్మవారు పోసినప్పుడు అది ఇంకా సరిగా నడక కూడా నేర్వలేదు. నా అత్త గుమ్మానికి వేపమండలు కట్టి, కొంగు పట్టి మొక్కుకుంది. "ఎల్లారెడ్డి తల్లీ, నా మనుమరాలిని నాకు ఇడిసిపెట్టు. నా కోడలితోని నీకు నీళ్లు పోయిస్త." నా పిల్లను నాకు విడిచిపెట్టమని నా చెల్లెలిని వేడుకుంటోంది. నేను నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ ఇంట్లో కూడా ఏడవకూడదు కాబట్టి, వేపాకులు కోస్తూ కూర్చున్నాను. నేనూ మొక్కాను. నిజం దాచను. నీ దుప్పటి నీకే ఇస్తానే, దీన్ని వదిలిపెట్టు, అన్నాను మనసులో.

పిల్ల బతికింది. మొదటి స్నానం నేనే చేయించాను. మొక్కు తీర్చడానికి బండి కట్టుకుని ఎల్లారెడ్డి పోయాం. వేపచెట్టు చుట్టూ జనం. నాలుగు బండల ఇంటికి సున్నం వేశారు, రంగులు దిద్దారు. నేను పసుపు చీర కట్టుకుని, తల మీద వేప నీళ్ల కుండ పెట్టుకుని, డప్పుల వెనక నడిచాను. అవ్వ జనం వెనక, ముత్తైదువలకు దూరంగా, నా కూతురిని ఎత్తుకుని నిలబడి ఉంది. ముసలితనం రాకముందే ముసలిదైపోయింది.

కుమ్మరి పెద్దాయన నాకు చెంబు అందించాడు. వెండి కండ్లతో రాయి నన్నే చూస్తోంది. అది నా చెల్లెలని నాకెప్పుడూ అనిపించలేదు, ఆ రోజు కూడా అనిపించలేదు. నీళ్లు ముంచి చేయి ఎత్తాను. అప్పుడు జనం వెనక నుంచి, డప్పుల మీదుగా, అవ్వ గొంతు వినిపించింది.

"బిడ్డా, నొసటికి చెయ్యి అడ్డం పెట్టు. కండ్లల్ల పడితే ఏడుస్తది."

ఎవరో నవ్వారు. తల్లి ఏడ్చుడేంది అన్నారు. నా ఎడమ అరచేయి రాయి మీద అడ్డం పెట్టాను. మెల్లగా పోశాను. చెంబు ఖాళీ అయ్యేదాకా ఆ చేయి తీయలేదు.

వెనక్కి వచ్చి నా కూతురి కోసం చేతులు చాపితే, అవ్వ దాన్ని ఇవ్వకుండా నా తడిసిన చేతిని పట్టుకుంది. తిప్పి అరచేయి చూసుకుంది.

"ఏడ్వలే గదా?" అంది.

"ఏడ్వలేదవ్వా" అన్నాను.